వాలిడేషన్ కోడ్ తగ్గించడానికి ఫంక్షనా, స్కీమానా, టైపా, మాక్రోనా?

ఇరవై ఫీల్డులున్న ఫారం ఒకటి ఊహించుకోండి. పేరు, ఇంటిపేరు, ఈమెయిల్, వయసు, మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ, ఇలా. మొదటి ఫీల్డుకి ఓపిగ్గా ఐదు లైన్ల వాలిడేషన్ (నింపిన విలువ సరైనదేనా అని చూసే కోడ్) రాస్తాం: ఖాళీగా ఉందా, స్ట్రింగేనా, పొడవు హద్దులో ఉందా, లేకపోతే ఎర్రర్ల లిస్టుకి ఈ మెసేజ్ కలుపు. రెండో ఫీల్డుకి ఆ ఐదు లైన్లనే కాపీ చేసి పేరు మారుస్తాం. పదో ఫీల్డు దగ్గరికి వచ్చేసరికి ఫీల్డు పేరు మారుస్తాం గానీ మెసేజ్ మార్చడం మర్చిపోతాం. ఆ తర్వాత ఇంటిపేరు నింపనివాళ్లకి ‘పేరు తప్పనిసరి’ అని కనిపిస్తుంది. వాళ్లు పేరు పెట్టెలోకి వెళ్లి చూస్తే అది నిండే ఉంటుంది. కంపైలర్‌కి ఇందులో తప్పేమీ కనబడదు. రివ్యూ చేసేవాళ్ల కళ్లు కూడా ఒకేలా ఉన్న వంద లైన్ల మీద జారిపోతాయి.

ఎలిక్సిర్, క్లోజర్, రాకెట్ లాంటి భాషల్లో పనిచేసేవాళ్లకి ఇక్కడ చప్పున తట్టే మందు మాక్రో, అంటే కంపైల్ సమయంలోనే కోడ్‌ను పుట్టించే కోడ్. ఒక్క మాక్రో రాసేస్తే వంద లైన్లు ఇరవై అవుతాయి, నిజమే. కానీ అదే పని చేయగలిగినవి ఇంకో మూడు ఉన్నాయి: మామూలు ఫంక్షన్లను కలిపి కట్టడం, నియమాలను డేటాగా రాసుకోవడం, టైపుల్లోకి నెట్టడం. వీటిలో ఏది ఎప్పుడు తీసుకోవాలో తేల్చుకోవడానికే ఈ వ్యాసం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఫంక్షన్లతో మొదలుపెట్టండి, అవసరమైతే డేటాకి వెళ్లండి, మాక్రోని ఆ రెండింటి మీద పలచటి పొరగా మాత్రమే వేయండి. ఎందుకో, ఎక్కడ ఈ మాట వర్తించదో కింద చూద్దాం.

ముందు, మళ్లీ మళ్లీ వస్తున్నది ఏమిటి?

‘కోడ్ రిపీట్ అవుతోంది’ అని అందరం అంటాం. ఏ భాగం రిపీట్ అవుతోందో విడదీసి చూసేవాళ్లు తక్కువ. వాలిడేషన్‌లో నాకు ఎదురైన పునరుక్తి నాలుగు రకాలు.

మొదటిది నియమం. పొడవు లెక్కించి హద్దుతో పోల్చే తర్కం ఇరవై చోట్ల ఉంటుంది. రెండోది గొట్టాల పని: ఒక చెక్ ఫలితాన్ని ఇంకో చెక్‌కి అందించడం, ఎర్రర్లు పోగేయడం, చివర్లో అంతా బాగుందా లేదా అని చెప్పడం. మూడోది ఫీల్డుల జాబితా. స్ట్రక్ట్ (ఫీల్డులన్నిటినీ కలిపి పట్టే డేటా రూపం) నిర్వచనంలో ఒకసారి, టైప్ ప్రకటనలో ఒకసారి, వాలిడేషన్‌లో ఒకసారి, జేసన్‌గా మార్చేచోట ఇంకోసారి అవే ఇరవై పేర్లు. నాలుగోది ఊరు దాటే పునరుక్తి: సర్వర్‌లో ఉన్న నియమమే బ్రౌజర్‌లోనూ, ఏపీఐ డాక్యుమెంటేషన్‌లోనూ ఉండాలి, అవి వేరే భాషల్లో ఉంటాయి.

మొదటి రెండిటికీ మాక్రో అక్కర్లేదు. మూడోదానికి మాక్రో నిజంగా పనికొస్తుంది. నాలుగోదానికి మాక్రో ఒక్కటే చాలదు. ఈ విడదీత చేయకుండా మాక్రో మొదలుపెడితే నాలుగు సమస్యలనీ ఒకే మాక్రోలో కుక్కుతాం, ఆరు నెలలకి దాన్ని ముట్టుకోవాలంటే భయమేస్తుంది.

ఫంక్షన్లు: అందరూ తక్కువ అంచనా వేసేది వీటినే

నియమం అంటే ఒక విలువ తీసుకుని ‘సరే’ అనో ‘తప్పు, ఇదీ కారణం’ అనో చెప్పే ఫంక్షన్. అంతకు మించి ఏమీ లేదు. కనీస పొడవు అనే ఫంక్షన్‌కి 2 ఇస్తే, రెండు అక్షరాలైనా ఉన్నాయా అని చూసే కొత్త ఫంక్షన్ తిరిగొస్తుంది. ‘అన్నీ నెగ్గాలి’, ‘ఏదో ఒకటి నెగ్గితే చాలు’, ‘ఉంటేనే చూడు, లేకపోతే వదిలేయ్’ అనే మూడు కలిపే ఫంక్షన్లు రాసుకుంటే ఫారంలో ముప్పావు వంతు అక్కడితో అయిపోతుంది. ఫలితం ఇలా ఉంటుంది:

పేరు ← అన్నీ [తప్పనిసరి, స్ట్రింగ్, కనీస పొడవు 2, గరిష్ఠ పొడవు 60]
ఇంటిపేరు ← అన్నీ [తప్పనిసరి, స్ట్రింగ్, గరిష్ఠ పొడవు 60]
వయసు ← ఉంటే [పూర్ణాంకం, మధ్యలో 18 120]

ఇక్కడ మాక్రో ఎక్కడా లేదు. మెసేజ్ మార్చడం మర్చిపోయే అవకాశం కూడా లేదు, ఎందుకంటే ఫీల్డు పేరు ఒక్కచోటే ఉంది.

రెండో రకం పునరుక్తి, అంటే గొట్టాల పని, ఇంకాస్త లోతైనది. ఫంక్షనల్ భాషల్లో ఫలితాలను వరసగా కలిపే అలవాటైన దారి మొనాడ్, అంటే ఒక అడుగు నెగ్గితేనే తర్వాతి అడుగు వేసే గొలుసు: హాస్కెల్‌లో ఐదర్, ఎలిక్సిర్‌లో విత్. ఇది మొదటి తప్పు దగ్గరే ఆగిపోతుంది. ఫారం నింపినవాళ్లకి ఒక్కో తప్పూ ఒక్కోసారి చూపిస్తే, ఐదు తప్పులు దిద్దడానికి ఐదుసార్లు బటన్ నొక్కాలి. అన్ని తప్పులూ ఒకేసారి పోగేయాలంటే కావలసింది అప్లికేటివ్. కానర్ మెక్‌బ్రైడ్, రాస్ పాటర్సన్ 2008లో ప్రచురించిన పత్రం ఈ ఆలోచనకు పేరు పెట్టి నిలబెట్టింది. ఒక చెక్ ఇంకో చెక్ ఫలితం మీద ఆధారపడనప్పుడు రెండిటినీ నడిపి, రెండు వైపుల ఎర్రర్లనూ కలిపేయొచ్చు. హాస్కెల్‌లో వాలిడేషన్ అనే టైప్, స్కాలాలో క్యాట్స్ లైబ్రరీలోని వాలిడేటెడ్ చేసేది ఇదే. ఓకామెల్ 4.08 వెర్షన్ 2019లో తెచ్చిన బైండింగ్ ఆపరేటర్లు, ఎఫ్ షార్ప్ 5 వెర్షన్ 2020లో చేర్చిన ‘అండ్’ రూపం కూడా ఈ రాతను మామూలు లెట్ (విలువకి పేరు పెట్టే లైన్) రాసినంత తేలిక చేశాయి. ఎఫ్ షార్ప్‌లో లిస్ప్ తరహా మాక్రోలే లేవు. అయినా అక్కడివాళ్లు చక్కగా వాలిడేషన్ రాసుకుంటున్నారు. మాక్రో లేకపోతే గతిలేదనుకునేవాళ్లు ఆ కోడ్ ఒకసారి చదవాలి.

ఒక జాగ్రత్త. ముగిసే తేదీ మొదలయ్యే తేదీ తర్వాతే ఉండాలి అన్న నియమం రెండు తేదీలూ విడివిడిగా నెగ్గాకే అర్థవంతం. అంటే ముందు అప్లికేటివ్‌గా రెండిటినీ చూసి, ఆ తర్వాత మొనాడ్‌లా ఒక అడుగు ముందుకేయాలి. ఈ రెండు దశలనూ కలిపేసి రాస్తే, తేదీయే కాని స్ట్రింగ్‌ను తేదీతో పోల్చి, వాడేవాళ్లకి అర్థంకాని ఎర్రర్ చూపిస్తాం. నేను చూసిన వాలిడేషన్ బగ్గుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది. ఏ మాక్రో కూడా ఈ ఆలోచనను మన బదులు చేయదు.

ఎలిక్సిర్‌లో డేటాబేస్ పనికి వాడే ఎక్టో లైబ్రరీని ఈ కోణంలో చూడండి. టేబుల్‌కి సరిపడే స్ట్రక్ట్ తయారుచేసే స్కీమా, ఫీల్డ్ అనేవి మాక్రోలు. కానీ వాలిడేషన్ మొత్తం, అంటే కాస్ట్, వాలిడేట్ రిక్వైర్డ్, వాలిడేట్ లెంత్, వాలిడేట్ ఫార్మాట్, ఇవన్నీ మామూలు ఫంక్షన్లు. ప్రతి ఒక్కటీ చేంజ్‌సెట్ (వచ్చిన మార్పులనూ వాటి ఎర్రర్లనూ మోసే స్ట్రక్ట్) తీసుకుని చేంజ్‌సెట్ తిరిగిస్తుంది. కాబట్టి పైప్‌తో గుచ్చొచ్చు, ఇఫ్ వేసి ఒక నియమాన్ని కొన్ని సందర్భాల్లో మాత్రమే కలపొచ్చు, ఐదు ఫారాలకి ఉమ్మడిగా ఉన్న మూడు నియమాలను సొంత ఫంక్షన్‌గా తీసి పెట్టుకోవచ్చు. ఎర్రర్లు కూడా మెసేజ్, దాని వివరాలు విడివిడిగా డేటాలా నిలుస్తాయి. అందుకే వాటిని వేరే భాషలోకి అనువదించడం సులువు. ఫీల్డుల జాబితా దగ్గర మాక్రో, నియమాల దగ్గర ఫంక్షన్: ఈ గీత ఎక్కడ గీయాలో ఎక్టో సరిగ్గా పట్టుకుంది.

నియమాలను డేటాగా రాస్తే

ఫంక్షన్‌కి ఒక లోటు ఉంది. దాన్ని నడపగలం గానీ లోపలికి తొంగిచూడలేం. ‘ఈ ఫీల్డుకి గరిష్ఠ పొడవు ఎంత?’ అని ఫంక్షన్‌ని అడిగితే చెప్పదు. డాక్యుమెంటేషన్ తయారుచేయాలన్నా, అదే నియమాన్ని బ్రౌజర్‌కి పంపాలన్నా, టెస్టులకి నమూనా డేటా పుట్టించాలన్నా ఆ ప్రశ్నకి జవాబు కావాలి. అప్పుడు నియమాలను మ్యాపులు, లిస్టులు, వెక్టర్లుగా రాసి, వాటిని చదివి అమలుచేసే ఒక ఫంక్షన్ పెట్టుకోవాలి.

ఈ విషయంలో క్లోజర్ వాళ్ల అనుభవం పాఠం లాంటిది. డేటా ఎలా ఉండాలో చెప్పే స్పెక్ లైబ్రరీని 2016లో ప్రకటించారు, 2017 డిసెంబర్‌లో వచ్చిన క్లోజర్ 1.9తో అది భాషకి తోడైంది. స్పెక్‌ని నిర్వచించే రూపాలు చాలావరకు మాక్రోలు. దానికి సరైన కారణం ఉంది: మాక్రో అయితే మనం రాసిన నియమం ఏ రూపంలో రాశామో అలాగే పట్టుకోగలదు, చెక్ విఫలమైతే ఆ రూపాన్నే ఎర్రర్‌లో చూపగలదు. ఫంక్షన్‌కి అందేది కంపైల్ అయిపోయిన వస్తువు. దాని మీద ‘ఇది 18 కన్నా పెద్దదా అని చూస్తుంది’ అని రాసి ఉండదు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, స్పెక్‌లను ప్రోగ్రామ్ నడిచేటప్పుడు తయారుచేయాల్సి వచ్చినప్పుడు. ఫీల్డుల జాబితా డేటాబేస్ నుంచి వస్తోందనుకోండి. కీస్ అనే మాక్రోకి ఆ జాబితా ఉన్న వేరియబుల్ ఇవ్వలేం, ఎందుకంటే మాక్రో చూసేది వేరియబుల్ పేరును, అందులోని విలువను కాదు. గత్యంతరం లేక ఇవాల్ (నడిచేటప్పుడే కోడ్‌ను అమలుచేసే ఫంక్షన్) వాడాలి, లేదా మాక్రోని పిలిచే ఇంకో మాక్రో రాయాలి. మాక్రో అంటురోగంలా పాకడం అంటే ఇదే. ఒకటి మొదలైతే దాన్ని వాడే ప్రతి సాధారణీకరణా మాక్రో కావాల్సి వస్తుంది.

తర్వాత మెటోసిన్ కంపెనీ వాళ్లు తెచ్చిన మల్లి లైబ్రరీ వ్యతిరేక దారి పట్టింది. అక్కడ స్కీమా అంటే మామూలు వెక్టర్. తెలుగులో రాసుకుంటే ఇలా ఉంటుంది:

[మ్యాప్
  [పేరు [స్ట్రింగ్ కనీసం 2 గరిష్ఠం 60]]
  [వయసు ఐచ్ఛికం [పూర్ణాంకం కనీసం 18 గరిష్ఠం 120]]]

ఇది డేటా కాబట్టి కోడ్‌తో తయారుచేయొచ్చు, రెండు స్కీమాలను కలపొచ్చు, ఒక ఫీల్డు తీసేయొచ్చు, ఫైల్‌లో దాచొచ్చు, నెట్‌వర్క్ మీద పంపొచ్చు, జేసన్ స్కీమాగా మార్చొచ్చు. ఎలిక్సిర్‌లో నింబుల్ ఆప్షన్స్ ఇదే పంథా: లైబ్రరీలకి ఇచ్చే ఆప్షన్లను డేటా స్కీమాతో చెక్ చేస్తుంది, అదే స్కీమా నుంచి డాక్యుమెంటేషన్ కూడా పుట్టిస్తుంది. నాలుగో రకం పునరుక్తికి ఇంతకన్నా మంచి మందు నాకు కనబడలేదు.

డేటాకీ లోపాలున్నాయి. స్కీమాలో ‘కనీసం’ బదులు ‘కనిసం’ అని కొడితే కంపైలర్ పట్టుకోదు. అందుకే ప్రోగ్రామ్ మొదలైనప్పుడే స్కీమాను ఒకసారి చెక్ చేయించాలి. నింబుల్ ఆప్షన్స్‌లో స్కీమాను ముందే పరీక్షించి పెట్టే ఫంక్షన్ ఉంది, దాన్ని వాడకుండా వదలొద్దు. రెండో లోపం వేగం: ప్రతిసారీ స్కీమాను మొదటినుంచి చదివి అమలుచేస్తే నెమ్మదిస్తుంది. మల్లిలో వాలిడేటర్ అనే ఫంక్షన్ స్కీమాను ఒక్కసారి చదివి, చెక్ చేసే ఫంక్షన్‌ను తయారుచేసి ఇస్తుంది. దాన్ని దాచుకుని వాడితే ఆ ఖర్చు మళ్లీ మళ్లీ పడదు. మాక్రో ఇచ్చే వేగంలో ఎక్కువ భాగం మాక్రో లేకుండానే దొరికినట్టే.

టైపులు

హాస్కెల్, ఓకామెల్, స్కాలా, ఎఫ్ షార్ప్ వాడేవాళ్లకి ఇంకో దారి ఉంది, అది తగ్గించేది వేరే తరహా పునరుక్తిని. ఈమెయిల్‌ను స్ట్రింగ్‌గానే మోసుకెళ్తే, దాన్ని అందుకున్న ప్రతి ఫంక్షన్‌కీ ఇది సరైనదేనా అన్న అనుమానం ఉంటుంది. జాగ్రత్తపరులు ప్రతిచోటా మళ్లీ చెక్ చేస్తారు. ఈమెయిల్ అనే ప్రత్యేక టైప్ పెట్టి, దాని కన్‌స్ట్రక్టర్‌ను మాడ్యూల్ బయటికి ఇవ్వకుండా, చెక్ చేసి మాత్రమే తయారుచేసే ఒక ఫంక్షన్ ఇస్తే ఆ అనుమానం పోతుంది. గుమ్మం దగ్గర ఒకసారి చూస్తే చాలు, లోపల ఎవరూ చూడనక్కర్లేదు. కోడ్‌బేస్ లోతుల్లో చెక్‌లు చెల్లాచెదురుగా ఉంటే మీకు కావలసింది ఇదే, మాక్రో కాదు.

స్కాలాలో రిఫైన్డ్, స్కాలా 3 కోసం వచ్చిన ఐరన్ లాంటి లైబ్రరీలు ఇంకో మెట్టు ఎక్కి, కోడ్‌లోనే రాసిన స్థిర విలువలను కంపైల్ సమయంలోనే చెక్ చేస్తాయి. బయటినుంచి వచ్చే డేటాకి ఎలాగూ రన్‌టైమ్ చెక్ తప్పదు కాబట్టి, ఫారాల విషయంలో దీని లాభం పరిమితం.

ఇక మాక్రో

మాక్రోలకి వయసు తక్కువేమీ కాదు. లిస్ప్‌లో మాక్రోలు చేర్చాలన్న ప్రతిపాదనను టిమోతీ హార్ట్ 1963లో ఎంఐటీలో రాశారు. మాక్రో లోపలి పేర్లు, దాన్ని పిలిచిన చోటి పేర్లు కలగాపులగం అయ్యే ముప్పుకి 1986లో కోల్‌బెకర్, ఫ్రీడ్‌మన్, ఫెలీసన్, డూబా హైజీన్ అనే పరిష్కారం చూపారు. స్కీమ్, రాకెట్, ఎలిక్సిర్ మాక్రోలు ఈరోజు భద్రంగా ఉన్నాయంటే ఆ పని పుణ్యమే. హాస్కెల్‌కి మాక్రోల్లాంటి టెంప్లేట్ హాస్కెల్‌ను టిమ్ షియర్డ్, సైమన్ పేటన్ జోన్స్ 2002లో ప్రతిపాదించారు.

ఫంక్షన్‌కి విలువలు అందుతాయి, మాక్రోకి ఆ విలువలు ఇంకా లెక్కకట్టని కోడ్ చెట్టు అందుతుంది. అందువల్ల ఫంక్షన్ చేయలేనివి కొన్ని మాక్రో చేస్తుంది. ఒకే ఫీల్డుల జాబితా నుంచి స్ట్రక్ట్, టైప్ ప్రకటన, వాలిడేటర్ మూడూ పుట్టిస్తుంది. ఫీల్డు పేరులో అక్షరం తప్పితే కంపైల్ దగ్గరే ఆపుతుంది. రాసిన ఎక్స్‌ప్రెషన్‌ను ఉన్నదున్నట్టు ఎర్రర్‌లో చూపుతుంది. ఎలిక్సిర్ టెస్టుల్లో అసర్ట్ విఫలమైనప్పుడు ఎడమ విలువ, కుడి విలువ విడిగా చూపిస్తుందే, అది మాక్రో కాబట్టే. ఎలిక్సిర్‌లో ఇంకో న్యాయమైన చోటు గార్డులు, అంటే ఫంక్షన్‌లోకి దిగేముందు చూసే షరతులు. గార్డులో మామూలు సొంత ఫంక్షన్ పిలవనివ్వరు. 2018లో వచ్చిన 1.6 వెర్షన్‌లోని డెఫ్‌గార్డ్‌తో ‘పెద్దవాళ్ల వయసు’ లాంటి నియమానికి పేరు పెట్టి గార్డుల్లోనూ, బయటా వాడుకోవచ్చు. చిన్నది, భద్రమైనది. వెనుకాడకుండా వాడండి.

ఖర్చుల సంగతి. మాక్రో విలువ కాదు. దాన్ని మ్యాప్‌కి ఇవ్వలేం, లిస్టులో పెట్టలేం, ఆర్గ్యుమెంట్‌గా పంపలేం. క్లోజర్‌లో ప్రయత్నిస్తే మాక్రో విలువ తీసుకోలేమని కంపైలర్ మొహం మీదే చెబుతుంది. నియమాలను లిస్టుగా పెట్టి నడిపే మొదటి పద్ధతి హాయి మొత్తం అక్కడ పోతుంది.

మాక్రోలో రాసిన హద్దులు కంపైల్ అయిన క్షణంలో గడ్డకడతాయి. గరిష్ఠ పొడవును కాన్ఫిగరేషన్ నుంచి మాక్రో లోపల చదివితే, సర్వర్‌లో ఆ కాన్ఫిగరేషన్ మార్చినా నియమం మారదు. ఎలిక్సిర్ 1.10 వెర్షన్ కంపైల్ సమయపు కాన్ఫిగరేషన్ చదవడానికి వేరే మాక్రో పెట్టి, నడిచేటప్పుడు విలువ తేడా వస్తే ఎర్రర్ ఇచ్చేలా చేసింది ఇలాంటి గందరగోళం వల్లే.

కంపైల్ సమయం కూడా చూడాలి. ఎలిక్సిర్‌లో ఒక మాడ్యూల్ ఇంకో మాడ్యూల్ మాక్రోని వాడితే వాటి మధ్య కంపైల్ బంధం ఏర్పడుతుంది. మాక్రో ఉన్న ఫైల్ మారితే వాడినవన్నీ మళ్లీ కంపైల్ అవుతాయి. ఆ మాక్రో మాడ్యూల్ ఆధారపడ్డ ఇతర మాడ్యూళ్లు మారినా అంతే. మిక్స్ ఎక్స్‌రెఫ్ గ్రాఫ్ అనే కమాండ్ నడిపి చూస్తే ఎన్ని ఫైళ్లు ఈ వలలో పడ్డాయో తెలుస్తుంది. టెంప్లేట్ హాస్కెల్‌లో ఇబ్బంది ఇంకో రకం: ఫైల్‌లో నిర్వచనాల వరసకి ప్రాధాన్యం వస్తుంది, స్ప్లైస్‌లో (పుట్టించిన కోడ్‌ను చొప్పించే చోట) నడిపే ఫంక్షన్ అదే మాడ్యూల్‌లో ఉండకూడదు, వేరే మాడ్యూల్ నుంచే రావాలి.

అన్నిటికన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది ఒకటుంది, వివరంగా చెప్తాను. ఒక ప్రాజెక్టులో ఫీల్డు విలువను, నియమాన్ని తీసుకుని చెక్ కోడ్ పుట్టించే మాక్రో రాశాను. దాని విస్తరణలో, అంటే అది పుట్టించిన కోడ్‌లో, విలువ ఎక్స్‌ప్రెషన్ మూడుచోట్ల పడింది: ఖాళీనా అని చూసేచోట, నియమం నడిపేచోట, ఎర్రర్‌లో విలువ చూపేచోట. వేరియబుల్ ఇచ్చినంతకాలం ఏ సమస్యా లేదు. తోటి డెవలపర్ ఒకరు వేరియబుల్ బదులు డేటాబేస్‌ని అడిగే కాల్‌ను నేరుగా అందులో పెట్టారు. ఒక్క అభ్యర్థనకి ఆ ప్రశ్న మూడుసార్లు డేటాబేస్‌కి వెళ్లింది. జవాబులు సరైనవే, టెస్టులన్నీ నెగ్గాయి. చాలా రోజుల తర్వాత క్వెరీ లాగ్ చదువుతుంటే బయటపడింది. ఆయన రాసిన లైన్‌లో తప్పు లేదు. ఫంక్షన్ పిలుపులా కనిపించేదానికి ఫంక్షన్‌లాగే ప్రవర్తించాల్సిన బాధ్యత ఉంటుంది, ఆ బాధ్యత మాక్రో రాసిన నాది. ఎలిక్సిర్‌లో కోట్‌కి (మాక్రోలో కోడ్ పుట్టించే రూపానికి) బైండ్ కోటెడ్ ఆప్షన్ ఇస్తే ఎక్స్‌ప్రెషన్ ఒక్కసారే లెక్కకడుతుంది. క్లోజర్‌లో చివర హ్యాష్ గుర్తు పెట్టిన పేరుతో లెట్ కట్టాలి. హైజీన్ ఉన్నంత మాత్రాన ఈ తప్పు జరగకుండా ఆగదు. అది పేర్ల గొడవను ఆపుతుంది, రెండుసార్లు లెక్కకట్టడాన్ని ఆపదు.

మాక్రోయే తీసుకుంటే ఎలా రాయాలి

విస్తరణ ఎలా ఉండాలో ముందు చేత్తో రాయండి. రెండు ఫారాలకి పూర్తి కోడ్ రాసి, టెస్టులు పెట్టి, వాటిలో ఫంక్షన్లుగా తీయగలిగింది అంతా తీసేయండి. ఇక తీయలేనిది ఏదైనా మిగిలితే, సాధారణంగా అది ఫీల్డుల జాబితా మాత్రమే, దానికే మాక్రో రాయండి. ఆ మాక్రో చేసే పని కూడా ఇంతే ఉండాలి: జాబితా చదివి, దాన్ని డేటాగా దాచి, స్ట్రక్ట్ నిర్వచించి, అసలు చెక్‌ను మామూలు ఫంక్షన్‌కి అప్పగించడం. ఎలిక్సిర్ అధికారిక మార్గదర్శకాలు కూడా మాక్రోని చివరి ఆయుధంగా చూడమంటాయి.

దాచిన డేటాను బయటినుంచి అడిగే దారి తప్పకుండా పెట్టండి. ఎక్టో స్కీమా మాడ్యూళ్లకి ఫీల్డుల జాబితా, టైపులు చెప్పే ఫంక్షన్ దానంతటదే వస్తుంది. దాని మీద ఆధారపడి ఎన్నో లైబ్రరీలు పనిచేస్తున్నాయి. ఆ ఒక్క దారి ఉంటే మాక్రో వాడినా డేటా పద్ధతి లాభాలు చేతిలోనే ఉంటాయి.

విస్తరించి చూసే అలవాటు టీమ్ మొత్తానికి ఉండాలి. క్లోజర్‌లో మాక్రో ఎక్స్‌పాండ్ 1, ఎలిక్సిర్‌లో మాక్రో మాడ్యూల్‌లోని ఎక్స్‌పాండ్ వన్స్ తర్వాత టు స్ట్రింగ్, హాస్కెల్ కంపైలర్‌లో స్ప్లైస్‌లను బయటికి రాసే ఆప్షన్, రాకెట్‌లో అడుగడుగునా చూపే మాక్రో స్టెప్పర్. వీటిని వాడటం రానివాళ్లు ఉన్న టీమ్‌లో పెద్ద మాక్రో పెట్టడం వాళ్లకి అన్యాయం చేసినట్టే.

సందర్భాన్ని బట్టి

రెండు మూడు ఫారాలే ఉన్న అప్లికేషన్ అయితే ఫంక్షన్లు చాలు. కాస్త పునరుక్తి మిగిలినా ఉండనివ్వండి. చదివితే అర్థమయ్యే పది లైన్లు ఎవరికీ భారం కావు.

నియమాలు డేటాబేస్ నుంచో, అడ్మిన్ తెరమీదనుంచో వస్తుంటే, రోజూ మారుతుంటే, డేటా స్కీమా తప్ప వేరే ఆలోచన వద్దు. కంపైల్ సమయంలో లేని సమాచారంతో మాక్రో ఏమీ చేయలేదు. అవే నియమాలు బ్రౌజర్‌కీ డాక్యుమెంటేషన్‌కీ కావాలన్నా జవాబు ఇదే.

హాస్కెల్‌లో ఉంటే వాలిడేషన్ అప్లికేటివ్, దాచిన కన్‌స్ట్రక్టర్లు కలిపి వాడండి. జేసన్ లాంటి యాంత్రిక పనికి ఏసన్ లైబ్రరీ టెంప్లేట్ హాస్కెల్, జెనరిక్స్ (టైప్ నిర్మాణాన్ని బట్టి పనిచేసే మామూలు కోడ్) రెండు దారులూ ఇస్తుంది. నేనైతే జెనరిక్స్‌తో మొదలుపెడతాను, కొలిచి చూసి నెమ్మదనిపిస్తేనే రెండోదానికి వెళ్తాను. ఓకామెల్‌లో టైప్ నిర్వచనం నుంచి కోడ్ పుట్టించే (డిరైవింగ్) పీపీఎక్స్‌లు అందరూ వాడేవే, ఎవరో బాగా పరీక్షించినవే. వాటిని సొంత మాక్రోతో సమానంగా లెక్కవేయక్కర్లేదు.

ఎలిక్సిర్‌లో డేటాబేస్ ఉన్నా లేకపోయినా ముందు ఎక్టో చేంజ్‌సెట్ చూడండి. ఎంబెడెడ్ స్కీమాతో టేబుల్ లేకుండానే అది పనిచేస్తుంది. క్లోజర్‌లో కొత్త పని అయితే మల్లి, ఇప్పటికే స్పెక్‌తో నిండిన కోడ్ అయితే స్పెక్. పాతదాన్ని తిరగరాయడానికి స్కీమాలను నడిచేటప్పుడు తయారుచేయాల్సిన అవసరం లాంటి గట్టి కారణం ఉండాలి.

మీరు రాసేది లైబ్రరీ అయితే లెక్క కొంత మారుతుంది. వందలమంది వాడతారు, డాక్యుమెంటేషన్ ఉంటుంది, మంచి ఎర్రర్ మెసేజ్‌ల మీద సమయం పెట్టగలరు. అక్కడ మాక్రో ఖర్చు పంచుకుపోతుంది. ఒకే కంపెనీలో ఐదుగురు వాడే మాక్రోకి ఆ శ్రద్ధ దక్కదు. రాసినవాళ్లు వెళ్లిపోయాక అది అనాథ.

ఇప్పటికే పెద్ద వాలిడేషన్ మాక్రో మెడకి చుట్టుకుని ఉంటే, ఒక్క దెబ్బతో తీసేయాలని చూడొద్దు. అన్నిటికన్నా చిన్న ఫారాన్ని ఎంచుకుని దాని విస్తరణను స్ట్రింగ్‌గా అచ్చువేసి, ఆ కోడ్‌ను మాక్రో పిలుపు స్థానంలో పెట్టండి. టెస్టులు నెగ్గుతాయి, ఎందుకంటే నడిచేది అదే కోడ్. తర్వాత అందులోంచి ఒక్కో నియమాన్నీ ఫంక్షన్‌గా బయటికి తీయండి. రెండో ఫారానికి వచ్చేసరికి ఆ ఫంక్షన్లలో సగం సిద్ధంగా ఉంటాయి. నాలుగైదు ఫారాలయ్యాక మాక్రోలో మిగిలేది ఫీల్డుల జాబితా చదివే ఇరవై ముప్పై లైన్లు. దాన్ని అలాగే ఉంచుకోవచ్చు.